కరువు మాటున కూలి: చెల్లింపు రూపాల దృష్ట్యా తెలుగు కథన పరిశీలన

ప్రవేశిక

రాయలసీమ సాహిత్యాన్ని గురించి రాసే విమర్శలో తరచుగా కనిపించే మాట ‘కరువు’. కరువు కథలు, కరువు కవిత్వం, కరువు నేపథ్యం అనే వర్గీకరణలు మన పాఠ్యప్రణాళికల్లోనూ సిద్ధాంత వ్యాసాల్లోనూ స్థిరపడ్డాయి. ఈ ప్రాంతపు వర్షపాతాన్ని ఎరిగినవారెవరూ ఆ మాటను అకారణమనలేరు. అయితే ఒక వర్గీకరణ తాను చూపించే అంశంతోపాటు మరొక అంశాన్ని కనుమరుగు చేస్తున్నదేమో అప్పుడప్పుడు పరీక్షించుకోవడం విమర్శ బాధ్యత. కరువు అన్నప్పుడు దోషం ఆకాశానిది అవుతుంది. కూలి అన్నప్పుడు ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు, కొలిచే పాత్ర, చెల్లించే రోజు ముందుకు వస్తాయి. మొదటి మాట ప్రకృతిని గురించి ప్రశ్నిస్తుంది, రెండవది మనుషుల మధ్య ఒడంబడికను ప్రశ్నిస్తుంది.

వ్యవసాయ కూలీ జీవితాన్ని చిత్రించిన తెలుగు కథనాన్ని కూలి పరిమాణం దృష్ట్యా కాక, కూలి చెల్లింపు రూపం దృష్ట్యా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గింజల కూలి, రోజు కూలి, గుత్త కూలి, తూకపు కూలి, ముందస్తు కూలి అనేవి ఒకే వేతనానికి వేర్వేరు పేర్లు కావు. సేద్యంలో ఉండే నష్టభయం ఎవరి మీద ఎంత పడాలో ఇవి నిర్ణయిస్తాయి. ఈ చదువుకు ఆధారభూమిగా కర్నూలు జిల్లా పడమటి ప్రాంతాన్ని, అందులోనూ హాలహర్వి మండల పరిసరాలను తీసుకొంటున్నాను. చర్చకు ప్రధానంగా రెండు రచనలు: ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. ఈ రెండూ రాయలసీమ రచనలు కావు. ఆ సంగతే ఈ చర్చకు అవసరమైన ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది.

మాలపల్లి: తగవు దేని మీద?

1922లో వెలువడిన ‘మాలపల్లి’ని మన విమర్శ జాతీయోద్యమ నవలగా, హరిజనాభ్యుదయ నవలగా, వాడుక భాషకు గౌరవం తెచ్చిన నవలగా చదివింది. ప్రభుత్వ నిషేధాల చరిత్ర కూడా ఆ చదువులకు బలాన్నిచ్చింది. కాని నవలలో కథను మలుపు తిప్పే సంఘర్షణ ఎక్కడ మొదలవుతుంది? ధాన్యం ధర పెరిగిన కాలంలో మంగళాపురం ఆసాములు కూలిని గింజల రూపంలో కాక డబ్బు రూపంలో ఇవ్వాలని నిశ్చయించుకొన్నచోట అది మొదలవుతుంది. సంగదాసు కూలీల పక్షాన నిలబడేది ఈ మార్పు దగ్గరే. చివరకు చౌదరయ్య చేతి దెబ్బకు అతడు ప్రాణాలు కోల్పోయేదీ ఈ తగవు వల్లనే.

ఇక్కడ గమనించవలసింది, ఆసాములు పైకి కూలిని తగ్గించలేదు. నిన్నటి ధరకు కట్టి చూస్తే ఇచ్చే డబ్బు నిన్నటి గింజలకు సమానంగానే కనిపించవచ్చు. కాని ధర పెరుగుతున్నప్పుడు గింజలు చేతిలో ఉన్నవాడు లాభపడతాడు, డబ్బు చేతిలో ఉన్నవాడు అంగట్లో నష్టపోతాడు. ఒక లెక్క ఊహిద్దాం. రోజుకు రెండు సేర్లు కూలి. సేరు ధర ఒక అణా ఉన్ననాడు రెండు అణాలూ రెండు సేర్లూ ఒకటే. ధర రెండణాలకు పెరిగిననాడు రెండణాల కూలి ఒక సేరుకే సరిపోతుంది. కూలి రేటు మారలేదు, కూలీ తిండి సగమైంది. ధర పెరుగుదల తెచ్చే భారాన్ని ఆసామి తన గాదె నుంచి కూలీ ఇంటి పొయ్యి మీదికి బదలాయించాడు. ఉన్నవ ఈ యంత్రాంగాన్ని సరిగ్గా పట్టుకొన్నారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే నాటి ధరల పెరుగుదల మద్రాసు రాష్ట్రమంతటినీ కుదిపిన కాలపు నవల అది.

అందువల్ల ‘మాలపల్లి’లోని సంఘర్షణను ‘కూలి పెంపు కోసం జరిగిన పోరాటం’ అని సంగ్రహించడం సరికాదు. అది కూలి రూపాన్ని నిలుపుకోవడానికి జరిగిన పోరాటం. పాత అలవాటును కాపాడమని అడిగే కూలీ ఇక్కడ సంప్రదాయవాది అని కొట్టివేయదగినవాడు కాడు. ధరల చలనాన్ని ఆసామికన్నా ముందు గ్రహించగలిగినవాడు. డబ్బు కూలి ఆధునికం, గింజల కూలి ప్రాచీనం అనే సులభమైన పరిణామక్రమాన్ని ఈ నవల తిరస్కరిస్తున్నది.

అయితే గింజల కూలిని ఆదర్శీకరించనక్కరలేదు. కొలిచే మానిక ఆసామిది, కొలిచే చెయ్యి ఆసామిది. నిండుగా కొలిచాడా, కోసి కొలిచాడా, తాలు కలిపాడా అని అడిగే హక్కు కులాన్ని బట్టి ఉండేది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పదకొండవ సెక్షన్ వేతనాన్ని నగదుగానే చెల్లించాలని నియమం పెట్టి, వస్తురూపపు చెల్లింపు ఆచారంగా ఉన్నచోట మాత్రమే ప్రభుత్వ అనుమతితో మినహాయింపు ఇచ్చింది. ఆ నియమం వెనుక కొలతలో జరిగే మోసం పట్ల ఎరుక ఉంది. నవల ధర వైపు నుంచి గింజల కూలిని సమర్థిస్తే, చట్టం కొలత వైపు నుంచి దాన్ని శంకించింది. రెండు దృష్టులూ సత్యమే. కూలీకి ఏది మేలన్నది అతడు తిండిగింజలను ఎక్కడి నుంచి తెచ్చుకొంటాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

తినలేని పంట

ఈ ప్రశ్నతో హాలహర్వి దగ్గరకు రావాలి. బళ్లారి సరిహద్దునున్న ఈ ప్రాంతం పూర్వపు ఆలూరు తాలూకా భాగం. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండి, తరువాత కర్నూలు జిల్లాలో చేరాయి. ఇక్కడి వ్యవహారంలో తెలుగు, కన్నడ కలసిమెలసి ఉంటాయి. వేదవతి నది, తుంగభద్ర దిగువ కాలువ ఈ నేల మీదుగా పోతున్నా, అధికభాగం వాననే నమ్ముకొన్న నల్లరేగడి. ఒకప్పుడు జొన్న, కొర్ర ప్రధానమైన ఈ నేలలో పత్తి, మిరప వంటి అంగడి పంటలు నిలదొక్కుకొన్నాయి. ఆదోని పత్తి మార్కెట్టు, అక్కడి జిన్నింగు మిల్లులు ఈ మార్పుకు కేంద్రం.

పంట మారడం కూలి రూపాన్ని మార్చింది. జొన్న కోసిన కూలీకి జొన్నలే కూలిగా ఇవ్వవచ్చు. పత్తి తీసిన కూలీకి పత్తి ఇస్తే ఏం చేసుకొంటుంది? కూలి నగదుగా మారక తప్పని స్థితిని ఇక్కడ పంట స్వభావమే తెచ్చింది. ‘మాలపల్లి’లో ఆసాములు సమావేశమై తీసుకొన్న నిర్ణయాన్ని ఇక్కడ విత్తనం తీసుకొన్నది. ఎవరూ ప్రకటించలేదు కనుక ఎవరూ ఎదిరించడానికి వీలులేకపోయింది. సంగదాసు వంటి పాత్రకు ఆస్కారమిచ్చే నాటకీయ క్షణం ఈ ప్రాంతపు కూలి చరిత్రలో లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఒక సాయంత్రం జరిగిన అన్యాయాన్ని కథగా మలచడం సాధ్యమే. పాతికేళ్లపాటు చేను మారుతూ వచ్చిన క్రమాన్ని కథగా మలచడం కష్టం.

చౌకధరల దుకాణపు బియ్యం ఈ నగదు కూలి నష్టాన్ని కొంతవరకు పూడ్చింది. దానివల్లనే గింజల కూలి కోసం డిమాండు తిరిగి తలెత్తలేదని భావించవచ్చు. కాని పప్పు, నూనె, మందులు, పిల్లల చదువు, దారి ఖర్చులు అన్నీ అంగటి ధరలతోనే ముడిపడ్డాయి.

తూకపు కూలి, గుత్త కూలి

నగదు కూలి అంతా ఒక రకం కాదు. రోజు కూలిలో పొద్దుటి నుంచి సాయంత్రం వరకు చేసిన పనికి నిర్ణీతమైన మొత్తం ముడుతుంది. చేనులో కాయ తక్కువ పగిలినా, ఎండ ముదిరినా ఆనాటి నష్టం రైతుదే. కిలో లెక్కన పత్తి తీసేచోట లెక్క తలకిందులవుతుంది. తొలి తీతలో చేను తెల్లగా విచ్చుకొని ఉంటుంది, చేయి త్వరగా సాగుతుంది. చివరి తీతకు కాయలు పలుచబడతాయి. అదే నడక, అదే ఎండ, అదే నడుము నొప్పి, సంచిలో పడేది మాత్రం తక్కువ. చివరి తీతకు రేటు పెంచితే తప్ప, దిగుబడి తగ్గిన నష్టంలో కూలీ భాగస్వామి అవుతుంది. దిగుబడి పెరిగిన సంవత్సరపు లాభంలో ఆమెకు భాగం ఉండదు. మార్కెట్టు యార్డులో తూకం, తరుగు, ధర విషయాల్లో రైతు ఎదుర్కొనే అనిశ్చితి కిలో లెక్క ద్వారా చేనులోని స్త్రీ మీదికి దిగివస్తుంది.

గుత్త కూలి మరొక విధం. ఎకరం కలుపుకు ఇంత అని ఒక జట్టు ఒప్పుకొంటుంది. పని వేగంగా పూర్తయితే జట్టుకు లాభం. ఆ వేగం శరీరం నుంచి రావాలి. ముసలివారిని, గర్భిణులను, చంటిపిల్లల తల్లులను జట్టు తనంతట తానే వదిలించుకొంటుంది. రైతు చేయవలసిన తిరస్కారాన్ని తోటి కూలీలు చేస్తారు. కనీస వేతనాల చట్టం పదిహేడవ సెక్షన్ ఈ ప్రమాదాన్ని ఊహించింది. పని పరిమాణాన్ని బట్టి చెల్లించేచోట, ఆ పరిమాణానికి ప్రత్యేకంగా కనీస రేటు నిర్ణయించకపోతే, కాలాన్ని బట్టి నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని అది చెప్పింది. చేనుగట్టున తక్కెడ పట్టుకొన్నచోట ఆ సెక్షన్‌ను అమలు జరిపేవారు ఎవరన్నది వేరే ప్రశ్న.

ఈ చర్చ జానపద వాఙ్మయ పరిశోధనకూ అవసరమని నా అభిప్రాయం. బిరుదురాజు రామరాజు పరిశోధన నాటి నుంచి మనం శ్రామిక గేయాలను పనిని బట్టి గుర్తించాం: నాటు పాట, కలుపు పాట, కోత పాట, దంపుడు పాట. కూలి రూపాన్ని బట్టి గుర్తించలేదు. కలుపు పాటకు ‘వరుస’ ఆధారం. ఆడవాళ్లు ఒక వరుసగా వంగి, ఒకే వేగంతో ముందుకు సాగినప్పుడే ఒకరు ఎత్తిన చరణాన్ని మిగిలినవారు అందుకోగలరు. రోజు కూలి ఈ సమవేగాన్ని అనుమతిస్తుంది. కిలో లెక్క అనుమతించదు. ఎవరి సంచి వారిది, ఎవరి సాలు వారిది. ముందుకు పోయినవారికి ఎక్కువ కాయ. వరుస చెదిరినచోట పల్లవి నిలవదు. శ్రామిక గేయాలు అంతరించడానికి రేడియోను, సినిమాను, సెల్‌ఫోనును కారణంగా చెప్పడం మనకు అలవాటు. తూకపు కూలిని కూడా ఆ కారణాల్లో చేర్చి, క్షేత్రపరిశోధనలో పరీక్షించవలసి ఉంది. పాటను సేకరించేటప్పుడు ‘ఆనాడు కూలి ఏ లెక్కన ఇచ్చేవారు’ అన్న ఒక్క ప్రశ్నను అదనంగా అడిగితే చాలు.

ముందుగా వచ్చే కూలి: యజ్ఞం

‘యజ్ఞం’ కథ మీద తెలుగులో జరిగినంత చర్చ మరే కథ మీదా జరిగి ఉండదు. ఆ చర్చలో పెద్ద భాగం ముగింపు చుట్టూ తిరిగింది. సీతారాముడు తన కొడుకును చంపడం సహజమా, అవసరమా, ప్రతీకాత్మకమా అన్నవి ప్రధాన ప్రశ్నలయ్యాయి. కూలి రూపం దృష్ట్యా చూస్తే కథలోని కీలకం మరొకచోట ఉంది. గోపన్నకు అప్పల్రాముడు తీర్చవలసిన బాకీని శ్రీరాములునాయుడి పంచాయతీ ధర్మంగా నిర్ణయిస్తుంది. ఆ ధర్మం అమలైతే తరతరాల శ్రమ ముందుగానే అమ్ముడుపోయినట్టు అవుతుంది. కంబారితనంలో కూలి అంటూ వేరే ఉండదు, అప్పు వాయిదా మాత్రమే ఉంటుంది. పనికి ముందే పుచ్చుకొన్న కూలి పేరు అప్పు. ఆ కథలో పంచాయతీ ఎవరినీ మోసగించదు, లెక్క తప్పు చెప్పదు. లెక్క సరిగ్గా ఉండటమే భయంకరమని కథ చూపుతుంది.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఏడాది జీతాల పద్ధతి చాలాచోట్ల బలహీనపడింది. కాని ముందస్తు చెల్లింపు అనే రూపం పోలేదు, వలసలోకి చేరింది. పడమటి కర్నూలులో ఖరీఫ్ పనులు ముగిసిన తరువాత కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, కర్ణాటకకు, బెంగళూరు నిర్మాణపు పనులకు తరలిపోతాయి. మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము ఇస్తాడు. ఆ సొమ్ము ఊళ్లోని పాత బాకీకో, పండుగకో, ఆసుపత్రికో ఖర్చవుతుంది. అక్కడికి చేరిన తరువాత చేసే తొలి వారాల పని ఆ సొమ్మును తీర్చడానికే పోతుంది. కోసిన కాయను తూచేది ఒకరు, ముందిచ్చిన సొమ్మును మినహాయించేది మరొకరు. తూకపు కూలి, ముందస్తు కూలి ఇక్కడ ఒకటవుతాయి.

ఊళ్లో ఉపాధి హామీ పని ఉన్నా వలస ఎందుకు పోతారన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. 2006 ఫిబ్రవరి 2న పొరుగునున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఆ పథకం ఏడాదికి కుటుంబానికి నూరు రోజుల పనిని చట్టబద్ధం చేసింది. కాని అక్కడ కూలిని తవ్విన మట్టి కొలతతో లెక్కకట్టారు. గట్టి నేలలో, వేసవిలో ఒక మనిషి తవ్వగలిగింది తక్కువ. వేసవి భత్యం ఇచ్చినా కొలత కొలతే. పైగా కొలత పుస్తకంలో నమోదై, మంజూరై, ఖాతాలో పడేవరకు ఎదురుచూడాలి. ప్రభుత్వం పని తరువాత చెల్లిస్తుంది, మేస్త్రీ పనికి ముందు చెల్లిస్తాడు. పొయ్యి వెలగవలసింది ఈ రోజు. వలసను ఆకర్షణ వల్ల, అజ్ఞానం వల్ల జరిగేదిగా వర్ణించే రచనలు ఈ కాలభేదాన్ని గమనించలేదు. రెండు కూలి రేట్లను పోల్చితే సరిపోదు, రెండు చెల్లింపు రోజులను పోల్చాలి.

సుగ్గి: ఒక మాట చరిత్ర

ఈ వలసకు పడమటి కర్నూలు వాడుకలో ‘సుగ్గి’ అని పేరు. సుగ్గికి పోవడం, సుగ్గి నుంచి రావడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికి వచ్చే కాలం, సంక్రాంతికి అక్కడ సుగ్గిహబ్బ అని పేరు. కళ్లం నిండిన సంతోషాన్ని చెప్పే మాట సరిహద్దు తెలుగులో ఇల్లు తాళం వేసి వెళ్లడాన్ని చెప్పే మాటగా మారింది. భాషాశాస్త్ర పరిభాషలో దీన్ని అర్థసంకోచమనో, అర్థాపకర్షమనో చెప్పి వదిలివేయవచ్చు. కాని ఆ మార్పులో ఒక ఆర్థిక చరిత్ర ఇమిడి ఉంది. పంట ఉంది, సుగ్గి ఉంది, అది మరొకరి కళ్లంలో ఉంది. తన ఊళ్లో సుగ్గి లేనివాడు ఇతరుల సుగ్గిని వెదుక్కొంటూ పోతాడు. మాటలోని ఆనందం పోయినా పంటతో సంబంధం పోలేదు.

ఈ మాటకు బదులు పత్రికల్లోనూ ప్రభుత్వ నివేదికల్లోనూ ‘వలస’ అన్న మాట స్థిరపడింది. వలస అన్నప్పుడు మనిషి కదలిక తెలుస్తుంది. సుగ్గి అన్నప్పుడు ఆ కదలిక దేనికోసమో తెలుస్తుంది. తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లల బడి ఆగిపోవడం, ముసలివారు ఒంటరిగా మిగలడం వలస ఫలితాలుగా నమోదవుతాయి. అవి ఒక కూలి ఒప్పందపు షరతులు కూడా. గుడారంలో ఉండే కుటుంబంలో ఎన్ని చేతులు కోతకు పనికివస్తే అంత తూకం పెరుగుతుంది. కిలో లెక్క పిల్లల చేతులను కూడా పిలుస్తుంది. రోజు కూలి అయితే బడి ఈడు పిల్లకు కూలి ఇవ్వడానికి యజమాని సందేహించేవాడు. తక్కెడ వయసు అడగదు.

‘కరువు సాహిత్యం’ అనే వర్గీకరణ

పై పరిశీలన నుంచి రాయలసీమ కథావిమర్శకు ఒక ప్రశ్న వస్తుంది. కేతు విశ్వనాథరెడ్డి ‘జప్తు’, ‘నమ్ముకున్న నేల’, సింగమనేని నారాయణ ‘జూదం’ వంటి శీర్షికలు ఈ ప్రాంతపు కథకు గుర్తులుగా నిలిచాయి. శీర్షికలను బట్టి కథల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని ఈ మాటల పరిధిని గమనించాలి. జప్తు చేయడానికి ఆస్తి ఉండాలి. జూదమాడటానికి పణంగా పెట్టే నేల ఉండాలి. ఈ రూపకాలు రైతు అనుభవం నుంచి పుట్టినవి. విమర్శ వాటిని మొత్తం ప్రాంతానికి విస్తరింపజేసి ‘కరువు’ అన్న ఒక్క పేరు కింద చేర్చినప్పుడు, నేల లేనివారి అనుభవం రైతు అనుభవంలో ఉపాంగంగా మిగిలింది. దళిత జీవితాన్ని కేంద్రంగా చేసుకొన్న చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ వంటి నవలను కరువు నవలగా కాక కుల నవలగా వేరుచేసి చదవడం కూడా ఈ విభజన ఫలితమే. కరువు రైతుదిగా, కులం దళితుడిదిగా పంచుకొన్నాక కూలికి చోటు మిగల్లేదు.

దీనికొక బలమైన ప్రత్యుత్తరం ఉంది. కోస్తా ఆసామికి, కూలీకి ఉన్నంత దూరం రాయలసీమ మెట్టసేద్యంలో లేదని, నాలుగెకరాల రైతే ఏడాదిలో సగం కూలీ అని, కాబట్టి ‘మాలపల్లి’ నమూనాను ఇక్కడికి తేవడం పొరపాటని వాదించవచ్చు. ఈ వాదంలో నిజముంది. హాలహర్వి పరిసరాల్లో ఆషాఢంలో కలుపుకు కూలీలను పిలిచిన రైతే మాఘంలో తాను సుగ్గికి పోతాడు. అయితే దానివల్ల కూలి ప్రశ్న తొలగిపోదు, మరింత జటిలమవుతుంది. ఒకే మనిషి ఒక రుతువులో కిలో లెక్కను విధిస్తాడు, మరొక రుతువులో అదే లెక్కకు లోబడతాడు. చౌదరయ్య, సంగదాసు ఒకే ఇంట్లో, ఒకే శరీరంలో ఉండే ఈ స్థితిని చిత్రించడానికి వర్గవైరుధ్యపు పాత నమూనా చాలదు. కరువు నమూనా అసలే చాలదు, ఎందుకంటే అది ఆ మనిషిని రెండు రుతువుల్లోనూ బాధితుడిగా మాత్రమే చూస్తుంది. నేల బొత్తిగా లేని మాదిగ, బోయ కుటుంబపు స్త్రీకి మాత్రం రెండు రుతువుల్లోనూ తక్కెడకు ఒకే వైపు ఉండక తప్పదు. ఆ తేడాను కూలి రూపం చూపగలదు.

కరువునూ కూలినీ వేరుచేయలేమనడానికి చరిత్రే సాక్ష్యం. బళ్లారి, కర్నూలు జిల్లాలను ధ్వంసం చేసిన 1876-78 ధాత కరువులో ప్రభుత్వ సహాయం చాలావరకు పని శిబిరాల రూపంలో అందింది. 1877లో రిచర్డ్ టెంపుల్ ఆ పనికి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, అర్ధణాకు కుదించాడు. శ్రమచేసే శరీరానికి అది చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనర్ కార్నిష్ వాదించాడు. వారి వివాదం వానను గురించి జరగలేదు, కూలి కొలతను గురించి జరిగింది. మన ప్రాంతపు అతిపెద్ద కరువే ఒక వేతన వివాదంగా నమోదైనప్పుడు, ఆ తరువాతి సాహిత్యాన్ని కరువు పేరుతో మాత్రమే చదవడానికి కారణం కనిపించదు.

ముగింపు

‘మాలపల్లి’లో సంఘర్షణ కూలి పరిమాణం కన్నా రూపం మీద జరిగింది. ‘యజ్ఞం’లో పనికి ముందు వచ్చిన కూలి అప్పుగా మారి మనిషిని మింగింది. పడమటి కర్నూలు పత్తిచేలలో, సుగ్గి గుడారాల్లో ఈ రెండు సూత్రాలూ తూకపు కూలిగా, ముందస్తు సొమ్ముగా కలిసి పనిచేస్తున్నాయి. కోస్తా, ఉత్తరాంధ్ర రచనలు చూపిన ఈ సూత్రాలను రాయలసీమ కథలో వెదకకపోవడానికి కథల లోపం కన్నా మన వర్గీకరణ లోపమే ఎక్కువ కారణం.

ఈ దృష్టితో మూడు పనులు చేయవలసి ఉంది. రాయలసీమ కథల్లో కూలి ప్రస్తావన వచ్చిన సందర్భాలను చెల్లింపు రూపాన్ని బట్టి పట్టికగా సిద్ధం చేయడం మొదటిది. శ్రామిక గేయాల సేకరణలో కూలి లెక్కను నమోదు చేయడం రెండవది. సుగ్గి, గుత్త, తీత వంటి మాటలను సరిహద్దు మాండలిక పదకోశంలో కన్నడ సంబంధంతో సహా చేర్చడం మూడవది. ఏడాదిలో నాలుగు నెలలు తాళం వేసి ఉండే ఇళ్ల ఊళ్లలో ఈ మాటలు చెప్పేవారిని కలవాలంటే సుగ్గి వెళ్లకముందు వెళ్లాలి, లేదా సుగ్గి వెంట వెళ్లాలి. క్షేత్రపరిశోధన కాలపట్టికను కూడా కూలి కాలపట్టికే నిర్ణయిస్తుంది.